ఇరవై నాలుగు గోల్స్ నేరముపై డ్రిల్లు మాస్టారి సంజాయిషీ

పాఠశాలల క్రీడాధికారి గారి సముఖమునకు,
కాలువ గట్టు బాలికల పాఠశాల డ్రిల్లు మాస్టారు (ప్రస్తుతం సస్పెన్షన్‌లో ఉన్నవాడు) సమర్పించుకొను విన్నపము.

అయ్యా,

విషయం: సెమీఫైనల్ ఫుట్‌బాల్ పోటీలో మా బాలికలు మిల్లు గేటు పాఠశాల బాలికలపై 24–0 తేడాతో గెలుపొందిన నేరము – సంజాయిషీ సమర్పించుట – శిక్ష రద్దు కోరకపోవుట – శనివారం ఫైనల్ లోపల అవే రెండు జట్లకు మళ్ళీ ఆట పెట్టించవలెనని ప్రార్థించుట – గురించి.

సూచిక: తమ కార్యాలయం వారి తాఖీదు. (దాని మీద మా ఆవిడ కూర గిన్నె దించినందున నంబరు చదవశక్యము కాకున్నది. మన్నించవలెను.)

1. సదరు తాఖీదులో తమరు ‘పసిమనసులను గాయపరచు విధముగా విజృంభించి, క్రీడా సౌజన్య నిబంధనను ఉల్లంఘించి, పది గోల్స్‌కు మించిన తేడాతో గెలిచినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదు’ అని ప్రశ్నించి, నేను జవాబు రాసే లోపలే ఆ చర్య కాస్తా తీసుకొని యున్నారు. నన్ను సస్పెండు చేశారు. మా జట్టును పోటీల నుంచి తప్పించారు. ఓడిపోయిన మిల్లు గేటు జట్టును ఫైనల్‌కు పంపుతూ, వారికి ఉత్తమ సౌజన్య షీల్డు కూడా బహూకరించారు. తమరు పెద్దలు, నేను చెప్పేంతవాడిని కాను. ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు’ అన్న సామెత ఇన్నాళ్ళూ నాకు నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు పగలంతా ఇంట్లోనే ఉంటున్నాను కనుక దాని అర్థం తీరిగ్గా బోధపడుతోంది.

2. సదరు ఆటకు తమరే ముఖ్య అతిథిగా విచ్చేసి, మొదటి సగం చూసి, విరామంలో కూల్‌డ్రింకు పుచ్చుకొని, వేరే సభ ఉన్నదని సెలవు తీసుకున్న సంగతి తమకు విదితమే. అప్పటికి తొమ్మిది–సున్నా. ఆ తొమ్మిదింటిలో నా తప్పు గాని, మా పిల్లల తప్పు గాని ఏమీ లేదు. మిల్లు గేటు బడికి ఏడాదిగా డ్రిల్లు మాస్టారే లేడు. లెక్కల టీచరమ్మ గారు పాఠం అయ్యాక ఒక విజిల్ వేసి, ‘ఆడుకోండమ్మా’ అని చెప్పి పరీక్ష పేపర్లు దిద్దుకుంటారు. రావలసిన రెండు బళ్ళ వాళ్ళు రాకపోవడంతో ఆ పిల్లలు ఆడకుండానే సెమీఫైనల్‌కు వచ్చారు. తమరు కారు ఎక్కబోతూ నా భుజం తట్టి, ‘బాగా తయారు చేశావయ్యా. ఇంకో రెండు పడ్డాయంటే మాత్రం నా చేతిలో లేదు’ అని నవ్వి వెళ్ళారు. తమరి నవ్వుతో నా తల ప్రాణం తోకకొచ్చింది. తదుపరి జరిగినదంతా ఆ నవ్వు పుణ్యమే.

3. తమరు చూడని రెండో సగంలో, గెలుపును అదుపులో ఉంచుటకై నేను చిత్తశుద్ధితో తీసుకొన్న చర్యలు ఈ దిగువన మనవి చేసుకొనుచున్నాను.

(అ) మొదటి సగంలో ఆరు గోల్స్ వేసిన మా పిడుగును గోల్‌లోకి పంపి, గోల్‌కీపరు నిద్రమొహాన్ని ముందుకు పంపితిని. (పిడుగు అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరికీ గుర్తు లేదు. నిద్రమొహం అన్నది నేను పెట్టిన పేరు కాదు. ఏడాది పొడుగునా బంతి తన దాకా రాకపోవడంతో స్తంభానికి ఆనుకొని కునుకు తీస్తుంటే తోటిపిల్లలు పెట్టినది.) ఈ పిల్ల వల్ల ఎవరికీ ఏ హానీ ఉండదని నా అంచనా. కానీ గోల్‌కీపరుకు బంతి ఎక్కడ పడితే అందదో ఇంకో గోల్‌కీపరుకే కదా తెలిసేది. వరసగా నాలుగు వేసింది. నాలుగోది వేశాక నా దగ్గరకు వచ్చి, ‘మాస్టారూ, ఇన్నాళ్ళూ నన్నెందుకు వెనక నిలబెట్టారు?’ అని అడిగింది. నేను విజిల్ తుడుచుకోవడం మొదలుపెట్టాను.

(ఆ) అంతట ఎడమకాలితో తప్ప ఎవరూ బంతిని తన్నరాదని హుకుం జారీ చేసితిని. మా జట్టులో ఒక పుర్రచేతి పిల్ల ఉంది. కాలూ పుర్రదే. మూడేళ్ళుగా ‘కుడికాలు, కుడికాలు’ అని నేనే దాని ప్రాణం తీస్తున్నాను. ఆ పూట దానికి సెలవులిచ్చినట్టయింది. అది మూడు వేసింది.

(ఇ) అంతట పదకొండు మందీ ఒకరి తరువాత ఒకరు బంతిని తాకిన మీదట గాని గోల్ వైపు కన్నెత్తి చూడరాదని ఆదేశించితిని. తమరు నమ్మరు గాని, ‘పక్కవాళ్ళకు బంతి ఇవ్వండే’ అని ఏడాది అంతా నేను గొంతు చించుకున్నా ఇవ్వని పిల్లలు, ఆ పూట పూలు గుచ్చినట్టు ఇచ్చుకున్నారు. అవతలి పిల్లలు బంతి చుట్టూ గానుగెద్దుల్లా తిరిగి తిరిగి, ఇద్దరు కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఇంకో ఐదు పడ్డాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నేను కళ్ళారా చూశాను.

(ఈ) అయినా బుద్ధి రాక, మా వాళ్ళలో ఇద్దరిని కాలు బెణికిందని చెప్పించి బయట కూర్చోబెట్టితిని. తొమ్మిది మందే మిగిలారు. మా వాళ్ళకు పరిగెత్తడానికి చోటు పెరిగింది. అవతలి వాళ్ళేమో కనిపించని ఆ ఇద్దరూ ఎటు నుంచి వస్తారోనని వెతుక్కుంటూ నిలబడ్డారు. మరో మూడు. వెరసి ఇరవై నాలుగు.

కావున అయ్యా, రెండో సగంలో పడినవి పదిహేను గోల్స్ అయితే, ఆ పదిహేనూ నిబంధన తప్పకుండా ఉండడానికి నేను పడిన పాట్ల వల్ల పడినవే అని మనవి. మా పిల్లలను వాళ్ళ మానాన వదిలేసి ఉంటే పద్నాలుగు దగ్గర అలిసిపోయేవాళ్ళు.

4. ఇంతవరకు చెప్పినది తాఖీదుకు జవాబు. ఇక చెప్పబోయేది తమరు అడగనిది. నా అసలు నేరం ఇదీ.

ఆట ముగియడానికి కాసేపు ఉందనగా, నేను మా వాళ్ళతో ‘పక్కకు తప్పుకోండి, వాళ్ళను ఒక్క గోల్ వేసుకోనివ్వండి’ అన్నాను. అన్నాను అంటే అరిచాను. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. పెళ్ళిచూపులలో కూడా నేను అరిచే మాట్లాడానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మైదానం అంతా విన్నది. ప్రేక్షకులు విన్నారు. మిల్లు గేటు పిల్లలు పదకొండు మందీ విన్నారు.

వాళ్ళ గోల్‌కీపరే వాళ్ళ కెప్టెన్. ఇరవై నాలుగు బంతులు వల లోంచి తీసుకొచ్చిన పిల్ల. అప్పటికే గోడ మీద కూర్చున్న జనం ఆ పిల్లకు జల్లెడ అని పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ పిల్ల బంతిని కాలి ముందు పెట్టుకొని తన గోల్ దగ్గర నుంచి బయలుదేరింది. పరిగెత్తలేదు, నడిచింది. మా పిల్లలు నా ఆజ్ఞ ప్రకారం అటూ ఇటూ తప్పుకున్నారు. పిడుగు గోల్ వదిలి పక్కకు వచ్చి, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగింది. దాని షూలకు లేసులు లేవు. ఎదురుగా గోల్ ఖాళీ. గీత దాకా వచ్చి ఆ పిల్ల ఆగింది. నావైపు తిరిగింది.

‘ఇది మీరు పెట్టే ముష్టి సార్. మాకొద్దు’ అంది.

అని, బంతిని గోడ మీదుగా ఒక్క తన్ను తన్నింది. అది పక్క వర్క్‌షాపు రేకుల మీద పడి పెద్ద చప్పుడైంది. అంతవరకు ఈలలు వేస్తున్న జనం నోరు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను, కాకపోతే ఆలస్యంగా.

5. వర్క్‌షాపు మెకానిక్కు నాలుగు చివాట్లు పెట్టి బంతి తిరిగి ఇచ్చాడు. ఆట మళ్ళీ మొదలయింది. పిడుగుకు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకు తెలుసు. అది గోల్ వదిలేసి, బంతి తీసుకొని, నేను ‘ఎడమకాలే, ఎడమకాలు’ అంటున్నా వినకుండా, మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తుకెళ్ళి, కుడికాలితో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ఆ కెప్టెన్ పిల్ల పక్కకు ఎగిరి, రెండు చేతులతో బంతిని పట్టి, పొట్టలో దాచుకొని కింద పడింది. పిడుగు వెళ్ళి చెయ్యిచ్చి లేపింది. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు. నాకు వినిపించలేదు.

ఆ సగంలో నా మాట వినకుండా, మనస్ఫూర్తిగా కొట్టిన బంతి అదొక్కటే. ఆ ఒక్కటీ గోల్ కాలేదు. తమ కార్యాలయానికి వచ్చిన రిపోర్టులో ఈ సంగతి ఉండదు. ఆపినవాటికి అందులో గడి లేదు.

6. సస్పెన్షన్ దరిమిలా గృహమందు నా పరిస్థితి విన్నవించుట కూడా సందర్భోచితమని భావించుచున్నాను. రెండో రోజున మా ఆవిడ, ‘పిల్లలని ఎడమకాలితో ఆడమన్నారట. ఇలా ఖాళీగా కూర్చుంటే రేపు నన్ను ఎడమచేత్తో వండమంటారు. ముందు ఆ అర్జీ ఏదో రాయండి’ అన్నది. రాద్దామని కాగితం ముందేసుకుని ‘నేను నిర్దోషిని’ అని మొదలుపెట్టాను. అప్పుడే తలుపు చప్పుడైంది.

ఆ కెప్టెన్ పిల్ల. చేతిలో సంచి. సంచిలో తమరిచ్చిన షీల్డు.

‘ఇది మీరు తీసుకోండి సార్.’

‘అది మీకిచ్చిందమ్మా, నాకెందుకు?’

‘ఓడిపోయినందుకు షీల్డు ఇస్తారా సార్ ఎవరన్నా? మా వీధిలో అందరూ అడుగుతున్నారు, ఇంకో పది తిని ఉంటే కప్పే ఇచ్చేవాళ్ళా అని.’

నేను నా అలవాటు కొద్దీ ఓదార్పు మొదలుపెట్టాను. గెలుపు ఓటములు సహజమనీ, మా పిల్లలు మిమ్మల్ని నొప్పించాలని చేయలేదనీ, మీ మంచి కోసమే నేను అన్ని తిప్పలు పడ్డాననీ చెప్పాను. ఆ పిల్ల మధ్యలో అడ్డం వచ్చింది.

‘మొదటి సగంలో తొమ్మిది తిన్నాం సార్. ఏడుపు రాలేదు. మీవాళ్ళు బాగా ఆడారు, మాకు రాలేదు, అంతే. తర్వాత మీవాళ్ళు మాతో ఆడలేదు. మీరు చెప్పిన ఆటలేవో వాళ్ళలో వాళ్ళు ఆడుకున్నారు. మరి మేం అక్కడ ఎందుకున్నట్టు?’

ఇన్నేళ్ళ సర్వీసులో పై అధికారులు ఎన్నో మెమోలు ఇచ్చారు. ఇలాంటి ప్రశ్న ఒక్కరూ వేయలేదు. నాకు సిగ్గేసింది అయ్యా. ఈ మాట అధికార భాషలో ఎలా రాయాలో నాకు తెలియదు కనుక ఇలాగే రాస్తున్నాను.

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగి, ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. వాళ్ళ జట్టులో ఏడుగురు ఇక రామంటున్నారట. ఫైనల్‌కు వెళ్తే, గెలిచి వచ్చినవాళ్ళు కాదు, జాలిపడి పంపినవాళ్ళు అంటారని వాళ్ళ భయం. వాళ్ళమ్మేమో, నవ్వులపాలయ్యే ఆట మనకెందుకు, శనివారంతో మానెయ్యమని తేల్చేసిందట.

‘మీవాళ్ళతో మళ్ళీ ఒకసారి ఆడించండి సార్. సరిగ్గా. ఎన్ని పడితే అన్ని పడనివ్వండి. అలా ఆడితే మా వాళ్ళు మళ్ళీ వస్తారు, మా అమ్మకి నేను చెప్పుకుంటాను. లేకపోతే నేనూ మానేస్తాను. మీరు మాత్రం ఆ ఆటలో నోరు తెరవకూడదు.’

‘ఆ ఒక్క షరతే కష్టం తల్లీ’ అన్నది మా ఆవిడ వంటింట్లోంచి.

పిల్ల వెళ్ళాక ‘నేను నిర్దోషిని’ అన్న కాగితం చింపేసి ఇది మొదలుపెట్టాను.

7. కావున, తమ దయార్ద్ర హృదయమునకు ఈ క్రింది కోరికలు విన్నవించుకొనుచున్నాను.

ఒకటి, శనివారం లోపల ఏదో ఒక సాయంత్రం మా రెండు జట్లకు మళ్ళీ ఆట పెట్టించవలెను. గెలిచినవాళ్ళే ఫైనల్‌కు వెళ్ళవలెను. ఇది మిల్లు గేటు వారి కోరిక. మా పిల్లలు కూడా ఇదే అంటున్నారు, కాకపోతే కొంచెం గట్టిగా అంటున్నారు. పెంపకం నాది కదా.

రెండు, ఆ ఒక్క ఆటకు సౌజన్య నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వవలెను. నలభై పడినా సరే ఎవరూ ఎవరికీ తాఖీదు పంపరాదు. ఓడడం పిల్లలకు చేతనవును. దానికి మన సాయం అక్కరలేదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

మూడు, నా సస్పెన్షన్ రద్దు చేయమని నేను కోరను. నేను శిక్షకు తగినవాడినే. అయితే తాఖీదులో నేరం తప్పుగా పడినది. ‘ఎక్కువ గోల్స్ వేయించినందుకు’ అన్నది కొట్టివేసి, ‘పిల్లలు ఆడుకుంటుండగా మధ్యలో దూరి దయ చూపినందుకు’ అని దిద్దవలెను.

నాలుగు, షీల్డును మనిషిని పంపి తెప్పించుకొనవలెను. మా వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా మా ఆవిడ దానిని అడ్డం పెట్టినది. ఆ పనికి బాగానే ఉన్నది గాని, ప్రభుత్వ సొత్తు కదా.

తమరు తీరికగా చిత్తగించవలెనని రాయడం ఆనవాయితీ. ఫైనల్ శనివారం కనుక, తీరిక లేకపోయినా ఈలోగానే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
అరవడం తప్ప వేరే దురలవాట్లు లేని
డ్రిల్లు మాస్టారు.

తా.క.: పై అర్జీ పట్టుకొని ఈ ఉదయం తమ కార్యాలయానికి వచ్చాను. తమరు క్యాంపులో ఉన్నారనీ, సోమవారం రమ్మనీ గుమాస్తా గారు సెలవిచ్చారు. ఫైనల్ శనివారమండీ అంటే, ‘అయితే ఆ తర్వాత తీరిగ్గా రండి’ అన్నారు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పాను. మా ఆవిడ పిడుగు వాళ్ళమ్మకు చెప్పింది. ఇక చెప్పేదేముంది, సాయంత్రానికల్లా రెండు జట్లూ వర్క్‌షాపు వెనక ఖాళీ స్థలంలో దిగాయి. రానన్న ఏడుగురూ వచ్చారు. మెకానిక్కు రిఫరీ. నేను కూరల సంచి పట్టుకొని యాదృచ్ఛికంగా అటువైపు వెళ్తున్నాను. నా నోటికి కాపలాగా మా ఆవిడ కూడా యాదృచ్ఛికంగా వచ్చింది.

ఎవరూ ఎడమకాలితో ఆడలేదు, పుర్రచేతి పిల్ల తప్ప. ఎవరూ పక్కకు తప్పుకోలేదు. మా వాళ్ళు పద్నాలుగు వేశారు. కెప్టెన్ పిల్ల ఎన్ని ఆపిందో లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. చివరలో, ఆ రోజు కళ్ళు తిరిగి కూలబడిన ఇద్దరిలో ఒకతె, మా పిడుగును తోసుకుంటూ వెళ్ళి, నిద్రమొహం చేతుల కింద నుంచి ఒకటి వేసింది. నిద్రమొహం నేల మీద పడి ఏడ్చింది. ఏడాదిలో అది తిన్న మొదటి గోల్ అదే. పిడుగు మోచెయ్యి గీరుకుపోయింది, అది కూడా ఏడుస్తూ మా వాళ్ళందరినీ తిడుతోంది. మిల్లు గేటు పిల్లలు పదమూడు గోల్స్ తేడాతో ఓడిపోయి, ఊరు వినేలా కేకలు వేస్తున్నారు.

కెప్టెన్ పిల్ల ఆయాసపడుతూ నేరుగా నా దగ్గరకు వచ్చింది.

‘సార్, మీరేం చెప్పలేదు కదా?’

నేను నోరు తెరవనని మాటిచ్చాను కనుక తల అడ్డంగా ఊపాను. ఆ పిల్లకు నమ్మకం కుదరక మా ఆవిడ వైపు చూసింది.

‘ఒక్క ముక్క మాట్లాడలేదమ్మా. పెళ్ళయ్యాక ఇదే మొదలు’ అన్నది మా ఆవిడ.

అప్పుడు నవ్వింది ఆ పిల్ల. వచ్చే వారం మళ్ళీ ఆడాలని మా వాళ్ళతో మాట్లాడుకుందట, వాళ్ళమ్మను కూడా తీసుకొస్తానన్నది. ‘శనివారం ఫైనల్‌కు మీవాళ్ళనే పంపమని రాయండి సార్’ అని చెప్పి, రాసే దాకా పక్కనే నిలబడింది.

ఇప్పుడు తేడా పదమూడు కనుక, తమ నిబంధన ప్రకారం ఇదీ నేరమే. కూరల సంచి మీద కాగితం పెట్టుకొని నేనొక ఉపాయం రాయబోయాను: హద్దు మీరినందున మా పద్నాలుగు గోల్స్ చెల్లవని తమరు కొట్టివేస్తే, మిల్లు గేటు జట్టు ఒకటి–సున్నాతో గెలిచినట్టవుతుంది, వాళ్ళే దర్జాగా ఫైనల్‌కు వెళ్ళవచ్చు, తమ ఉత్తర్వూ మార్చనక్కరలేదు అని. ఆ పిల్ల నా భుజం మీదుగా చదివి కలం పట్టుకుంది.

‘పద్నాలుగూ ఉంచమనండి సార్. అవి తీసేస్తే మా ఒక్కటీ నిజమని ఎవరు నమ్ముతారు?’

కావున మొత్తం పదిహేనూ రికార్డులో ఉంచవలెను.